పగడపు దీవికి పోవువారు

దేశాటనము విద్యలో భాగమని పెద్దలు చెప్పుదురు. సెలవు దినములలో తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని దూరప్రాంతములు చూపించుట నేడు సామాన్యమైనది. అట్టి యాత్రలలో అండమాను దీవుల యాత్ర యొకటి. అచ్చట పలువురు తెలుగువారు స్థిరపడి యుండుటచేత, బంధువులను చూచుటకై పోవు తెలుగు కుటుంబములును గలవు. పోర్టు బ్లెయరు నగరమునకు 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చిరి. ఆ నగరమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున వండూరు రేవు కలదు. అచ్చటినుండి పడవపై జాలీ బోయ్ అను చిన్న దీవికి పోవచ్చును. అందు జనులు నివసింపరు. అది 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయోద్యానమునకు చెందినది.

అడుగున అద్దము బిగించిన పడవలో కూర్చుండి క్రిందికి చూచువారికి మరియొక లోకము కనబడును. జింకకొమ్ములవలె చీలిన పగడములు కొన్ని, గుండ్రాళ్లవలె ఉబ్బిన పగడములు కొన్ని. తెల్లని పట్టెలుగల నారింజవన్నె చేప, ఎనిమోను అను జంతువు యొక్క విషపు చేతుల నడుమ నిర్భయముగ కాపురముండును. చిలుకముక్కు వంటి నోరుగల చేపలు పగడపు రాతిని కొరికి, పిండిచేసి, ఇసుకగా విడుచును. పగడపు దీవుల తెల్లని ఇసుకలో కొంత భాగము ఈ చేపల చలువయే.

పగడమన్నంతనే నవరత్నములలోని ఎఱ్ఱని పగడము తలంపునకు వచ్చును. ఈ దిబ్బలు కట్టు పగడములు ఆ జాతివి కావు. పాలిప్ అను అల్పజంతువు తన చుట్టును సున్నపుగూడు కట్టుకొనును. దాని దేహములో కంటికి కనబడని నాచు నివసించును. నాచు సూర్యరశ్మి సాయమున ఆహారము సిద్ధపరచి పాలిప్‌నకు పెట్టును. పాలిప్ నాచునకు నివాసమిచ్చును. తరతరముల గూళ్లు పేరుకొని దిబ్బలగును. గుండ్రాతి రూపమున పెరుగు పగడము ఏడాదికి ఇంచుమించు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగును. కావున పదేండ్ల బాలుడు చేతబట్టిన బెత్తెడు ముక్కకు వాని వయస్సే యుండవచ్చును.

అయినను జ్ఞాపకార్థమని ఒక ముక్కను సంచిలో వేసికొనువారు కలరు. “ఒక్క ముక్క పోయినంత మాత్రమున సముద్రమునకేమి లోటు? అదియును చచ్చినదే కదా!” యని వారి వాదము. ఈ వాదము నిలువదు. పగడపు పిల్లలు కదలెడి ఇసుకపై నిలువజాలవు. గట్టి రాతిని అంటుకొనియే పెరుగవలెను. చచ్చిన పగడమే వానికి ఆ రాయి. ఒడ్డున బడిన ఖాళీ శంఖము సహితము వ్యర్థము కాదు. అది సన్యాసి పీతకు ఇల్లు. ఈ పగడములకు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టము యొక్క రక్షణ కలదు. వానిని తీసికొనిపోవుట నేరము.

ఇట్టి దీవులకు యాత్రికులను అసలే పోనీయరాదని మరికొందఱందురు. ఇందు కొంత న్యాయము లేకపోలేదు. కాని కన్నులార చూడనిదానిపై మమత పుట్టుట కష్టము. ఏడాదిలో కొన్ని నెలలు జాలీ బోయ్ దీవికిని, తక్కిన నెలలు రెడ్ స్కిన్ అను పొరుగు దీవికిని యాత్రికులను పంపి, రెండింటికిని వంతులవారీగా విశ్రాంతి నిచ్చుట అచ్చటి పద్ధతి. జాలీ బోయ్ దీవికి ప్లాస్టిక్కు వస్తువులు కొనిపోరాదు. ఈ మధ్యేమార్గము మెచ్చదగినది. అయితే కాపలాదారుని కన్ను ప్రతి సంచిని చూడజాలదు. యాత్రికుని మనస్సే నిజమైన కాపలా.

కాపలాతో ఆపజాలని శత్రువొకటి కలదు. అది వేడిమి. సముద్రజలము మామూలు వేసవి వేడిమికంటె ఒక్క డిగ్రీ హెచ్చి కొన్ని వారములు నిలిచినచో, పాలిప్ తనలోని నాచును వెడలగొట్టును. పగడము వెలవెలబోవును, వేడి తగ్గనిచో ఆకలిచే మరణించును. అండమాను పగడములకు 1998, 2010, 2016 సంవత్సరములలో ఈ ఆపద కలిగినది. బొగ్గును, చమురును మితిమీరి మండించుటచే భూమి వేడెక్కుచున్నది. అందు ఎన్నడును ఆ దీవిని చూడని పట్టణవాసులకును భాగము కలదు. కనుక యాత్రికుని బాధ్యత తిరుగుప్రయాణముతో ముగియదు. ఇంటికడ అనవసరముగ వెలుగు దీపమునార్పుటయు పగడమునకు చేయు మేలే.

తల్లిదండ్రులు ఈ సంగతులను పడవ యెక్కకమునుపే పిల్లలకు తెలుపవలెను. నీటిలో దిగినవారు పగడముపై కాలు మోపరాదు; చేపలకు తినుబండారములు చల్లరాదు; ఒడ్డున దేనిని ఏరరాదు. అచ్చటినుండి ఇంటికి తేదగినది జ్ఞానమొక్కటే. దానిని ఎందఱు ఎంత తెచ్చుకొన్నను దీవికి లోటు రాదు.