రసాయనశాలలో వంటపొయ్యి

1986వ సంవత్సరమున కెనడాలో నొక బృందమును, అమెరికాలో వేరొక బృందమును వంటయింటి మైక్రోవేవు పొయ్యిని రసాయనశాలలోనికి దెచ్చి, సేంద్రియ సంయోగక్రియలు దానియం దెంత త్వరితముగ జరుగునో ప్రకటించిరి. గంటసేపు మరిగింపవలసిన బెంజమైడు పది నిముషములలో బెంజోయికామ్లమైనది. నాటినుండి యీ పద్ధతికి గలిగిన కీర్తి యింతింత యనరాదు. కీర్తితోబాటు కట్టుకథలును బెరిగినవి. వానిని గూర్చియే మా విన్నపము.

సూక్ష్మతరంగము గాజును దాటి తిన్నగ ద్రవమును జేరును. సెకండునకు 245 కోట్ల మారులు కంపించు విద్యుత్క్షేత్రము వెంబడి నీరు, ఆల్కహాలు మున్నగువాని అణువులు తిరుగ యత్నించి, వెనుకబడి, ఒండొంటితో నొరసికొనును. ఆ యొరపిడియే వేడిమి. ధ్రువత్వములేని హెక్సేను దాదాపు చల్లగనే యుండును. ఇంతవరకు వివాదము లేదు.

అయితే తరంగమే బంధములను ద్రెంచి క్రియను నడుపుచున్నదని కొందరనిరి. ఈ తరంగపు ఫోటాను శక్తి, కర్బనబంధమును ద్రెంచుటకు వలసిన శక్తిలో లక్షవ వంతైనను లేదు! రహస్యమంతయు ఉష్ణోగ్రతయందే కలదు. 78 డిగ్రీలకు మరగు ఆల్కహాలును బిగించిన పాత్రలో 148 డిగ్రీలకు దెచ్చితి మనుకొందము. పది డిగ్రీలకొకమారు వేగము రెట్టింపగునను స్థూలపు లెక్కచొప్పున అది 128 రెట్లగును. ఎనిమిది గంటల పని నాలుగు నిముషములలో దీరును. ఇందు మంత్రమేమున్నది? ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమున కాపే బృందము 2009లో, తరంగములను దానే మ్రింగి లోనికి వేడిని మాత్రము పంపు సిలికాన్ కార్బైడు పాత్రలలో ప్రయోగములు చేసి, ఉష్ణోగ్రత యొక్కటియైనచో ఫలితమును దాదాపు ఒక్కటియే యని చూపెను.

కర్మాగారముల కిది యంతగా నక్కరకు రాదు. తరంగములు ద్రవములో కొలది సెంటీమీటర్లకంటె చొరలేవు. హైదరాబాదు పరిసరముల ఔషధశాలలలోని వేల లీటర్ల పాత్రల నిట్లు కాచుట కాని పని. క్రొత్త మందుకై పలు పదార్థములను ద్వరగ జేసి పరీక్షించు చోటనే దీని ప్రయోజనము.

ఇంత తేలిన పిదపను ‘ఇన్ని వాట్లు, ఇన్ని నిముషములు’ అని మాత్రము వ్రాసి యూరకుండు వ్యాసములున్నవి. వాట్లు ఉష్ణోగ్రత యగునా? దానిని నమ్మి మరియొక విద్యార్థి యా ప్రయోగమును దిరిగి చేయుట యెట్లు? అంతకంటె ఘోరము, వంటపొయ్యిలో ఈథరు వంటి ద్రవములను బెట్టుట. ఆవిరి నిండిన పెట్టెలో నొక్క నిప్పురవ్వ చాలును. తగిన యంత్రములు ప్రియము, మా కళాశాల పేద యందురు. నిజమే, కాని విద్యార్థి కన్నులు యంత్రముకంటె చవుకయా? ధనము లేనిచోట పాత పద్ధతినే మరిగించి ఎనిమిది గంటలు కాచుకొనుట మేలు. ప్రధానాచార్యులు తమ రసాయనశాలలనుండి వంటపొయ్యిలను వెంటనే తొలగింపవలెను. రసాయనములు సోకిన వానిని భోజనశాలకు మాత్రము పంపరాదు సుమా.