తృప్తి వేరు, విద్య వేరు

ఆన్‌లైన్ తరగతులు మేలా, కళాశాలలో ముఖాముఖిగా సాగు బోధన మేలా అను వివాదము నేడు విద్యార్థుల తృప్తిని ఆధారము చేసికొని నడచుచున్నది. ప్రశ్నావళి పంపుదురు. ఒకటి మొదలు ఐదు వరకు గల అంకెలలో ఒకదానిపై గురుతు పెట్టుమందురు. వాటిని కూడి, భాగించి, వచ్చిన ఫలమును విద్యావిధానమునకు పునాదిగా చూపుదురు. భోజనశాలలో వంటకమును గురించి అడుగదగిన ప్రశ్నను అధ్యయనమును గురించి అడుగుట సమంజసమా? తిన్నవానికి రుచి వెంటనే తెలియును. చదివినవానికి చదువు విలువ ఆనాటి సాయంకాలమునకే తెలియదు.

2020 మార్చిలో కోవిడ్ మూలమున కళాశాలలు మూతపడగా పాఠము ఫోనులోనికి చేరినది. ఆపద్ధర్మముగా అది సరియైన పనియే. కాని ఆపద తీరిన పిమ్మట ఆపద్ధర్మము నిత్యధర్మమగు సూచనలు కనిపించుచున్నవి. ఒక సెమిస్టరులోని పాఠ్యాంశములలో నూటికి 40 వంతుల వరకు 'స్వయం' వేదిక ద్వారా చదువుటకు విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2021లో అనుమతించినది. 2016 నాటి నిబంధనలో ఆ హద్దు 20 మాత్రమే.

తృప్తిని లెక్కించువారు మొదట చెప్పవలసినది, అది ఎవరి తృప్తి అనునది. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారము గ్రామసీమలలో నూటికి సుమారు 15 కుటుంబములకే ఇంటర్నెట్ సౌకర్యముండెను. కంప్యూటరు గల కుటుంబములు నూటికి 5 అయినను లేవు. తరువాత ఫోనులు వ్యాపించినవి, నిజమే. అయినను ఇంటికి ఒక్క ఫోను ఉన్నచోట అన్నకు పాఠము, చెల్లెలికి వంటపని దక్కుట వింత కాదు. తరగతి నుండి జారిపోయినవానికి ప్రశ్నావళి చేరదు. అసంతృప్తుడు లెక్కలోనే లేనప్పుడు తృప్తి శాతము పెరుగుటలో ఆశ్చర్యమేమి?

దూరవిద్యను మెచ్చువారు ఏకలవ్యుని ఉదాహరించుట కద్దు. గురువు చెంత లేకయే ఆతడు విలుకాడు కాలేదా అని వారి వాదము. కాని ఏకలవ్యుడు దూరమును కోరుకొనలేదు. ద్రోణుని కడకు పోయి అర్థించినాడు, కాదనిపించుకొని అడవికి మరలినాడు. మట్టిబొమ్మ ఆతనికి తృప్తినిచ్చి యుండవచ్చును. అంతమాత్రమున ద్రోణుడు తలుపు మూయుట న్యాయమగునా? కలవారి బిడ్డలకు గ్రంథాలయము, ప్రయోగశాల, గురుసాన్నిధ్యము, లేనివారికి తెర అను విభజన స్థిరపరచి, ఆ లేనివానిచేతనే 'తృప్తిగా నున్నది' అని వ్రాయించుకొనుట ఆ పాత కథకు క్రొత్త రూపము.

తెరవలన మేలు లేదని ఎవ్వరును అనరాదు. ఉద్యోగము చేయుచు చదువు స్త్రీకి, వికలాంగునికి, బస్సు చార్జీ భారమైనవానికి అది వరమే. అర్థము కాని పాఠమును మరల వినుటకు వీలున్నది. 1982లో హైదరాబాదున సార్వత్రిక విశ్వవిద్యాలయము, 1985లో ఇందిరాగాంధి పేరిట జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది ఇట్టివారి కొరకే. అయితే ఆ సంస్థలు సైతము అచ్చుపాఠములతో తృప్తి చెందక అధ్యయన కేంద్రములు నెలకొల్పి ముఖాముఖి తరగతులు నడపినవి. దూరవిద్యనే వ్రతముగా పూనినవారు గుర్తించిన లోటును సాధారణ కళాశాలలు మరచుట విడ్డూరము.

తృప్తియు విద్యయు జంటగా నడచునను నమ్మకమే సరియైనది కాదు. 2019లో ప్రకటితమైన హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధన యొకటి కలదు. భౌతికశాస్త్ర తరగతులలో తాముగా సమస్యలు సాధించుచు నేర్చిన విద్యార్థులు, చక్కని ఉపన్యాసము వినినవారికంటె తాము తక్కువ నేర్చితిమని తలచిరి. పరీక్షలో వారే ఎక్కువ నేర్చినట్లు తేలినది. శ్రమ కలిగించు చదువు ఆ క్షణమున ప్రియముగా తోచదు.

ఇందులో కళాశాలల తప్పును దాచుట కూడ తగదు. గది నిండ విద్యార్థులను కూర్చుండబెట్టి నోట్సు చెప్పి వ్రాయించుచోట తెరయే మేలని వారనినచో అది తెరకు ప్రశంస కాదు, గదికి అభిశంసన. ఉపన్యాసములకు తోడు ట్యుటోరియల్ పద్ధతిని పెంపొందించవలెనని 1948-49 నాటి రాధాకృష్ణన్ సంఘమే సూచించినది. ఆ సూచనకు అధ్యాపకులు కావలెను, జీతములు కావలెను. ఒకసారి చిత్రించిన ఉపన్యాసమును వేలమందికి చూపుట చౌక. ఆ చౌకతనమునకు విద్యార్థి తృప్తిని ముసుగుగా వేయరాదు.

ప్రశ్నావళియే కావలెనన్నచో ప్రశ్నలు మార్చుడు. ఈ ఆరునెలలలో నీవు గురువును ఎన్ని సందేహములు అడిగితివి? నీ వ్రాతను ఎవరైన చదివి, దిద్ది, తిరిగి యిచ్చిరా? తోటి విద్యార్థితో వాదించి నీ అభిప్రాయమును ఒక్కసారియైన మార్చుకొంటివా? వీనికి అవునని బదులు వచ్చినచో పాఠము గదిలో జరిగినను, తెరపై జరిగినను విద్య జరిగినట్లే. కాదని వచ్చినచో ఐదుకు ఐదు తృప్తి అంకెలు వచ్చినను అక్కడ జరిగినది విద్య కాదు.