కాలు కొలిస్తే చాలదు, బాట కూడా కొలవాలి

ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు వికలాంగుల కోసం చక్రాల కుర్చీలు, చేతికర్రలు, కృత్రిమ కాళ్లు తయారుచేస్తున్నారు. మంచి పనే, మేం కాదనం. కానీ ఆ కుర్చీ ఏ నేల మీద నడవాలని చేస్తున్నారు? కాలేజీ గచ్చు మీద జోరుగా తిరిగిన కుర్చీ మాలపల్లె, మాదిగవాడ బురదబాటలో కదులుతుందా?

2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. అందులో 1.86 కోట్ల మంది పల్లెల్లోనే ఉన్నారు. మొత్తం జనాభాలో వికలాంగులు 2.21 శాతమైతే షెడ్యూల్డ్ కులాల్లో 2.45 శాతం. చాలీచాలని తిండి, ప్రాణాల మీదికొచ్చే పనులు, అందని ఆసుపత్రి మన వాటాకే ఎక్కువ వచ్చాయి మరి!

జైపూర్ కాలు సంగతి చూడండి. అంతకుముందున్న విదేశీ నమూనా కాలికి బూటు తప్పనిసరి. దాంతో గొంతుక్కూచోలేం, బాసింపట్టు వేసుకోలేం, ఒట్టికాళ్లతో పొలంలో దిగలేం. 1960ల చివర్లో పెద్ద చదువు లేని పనివాడు రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రబ్బరుతో కాలు చేశారు. మన మనిషి ఎట్లా కూచుంటాడో, ఎక్కడ నడుస్తాడో చూసి చేశారు. అందుకే అది నిలబడింది. 1981లో మెగసెసే అవార్డు మాత్రం డాక్టరుకే వచ్చింది. ఆయన కృషి తక్కువని కాదు. కానీ బిరుదు చదువుకి, చాకిరీ చేతులకి అనే ఈ లెక్క మనకి కొత్తదా?

ఢిల్లీ ఐఐటీలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన స్మార్ట్‌కేన్ ఉంది. మోకాలికి పైన ఎదురయ్యే అడ్డాన్ని పసిగట్టి, అదురుతో చేతికి చెప్పే కర్ర అది. అంధుల చేత వాడించి, సరిదిద్ది, 2014లో బయటికి తెచ్చారు. మార్కులు రాగానే బీరువాలో పెట్టెయ్యలేదు.

2015లో ప్రధాని వికలాంగులకి 'దివ్యాంగులు' అని పేరు పెట్టారు, వెనక మనల్ని 'హరిజనులు' అన్నట్టే. పేరు మారిస్తే గడప ఎత్తు తగ్గుతుందా?

మేం అడిగేది మూడే. ఒకటి, వాడుకునే మనిషి మొదటి రోజు నుంచీ ప్రాజెక్టులో కూచోవాలి. మార్కులు వేసేటప్పుడు అతని మాటకీ విలువుండాలి. రెండు, తోలు, కర్ర, ఇనుము పని తెలిసిన మనవాళ్లని జీతమిచ్చి పంతుళ్లుగా పిలవాలి. తెగిన పట్టీ ఊళ్లోనే కుట్టుకోగలగాలి. మూడు, 2016 చట్టం ప్రకారం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో వికలాంగులకి 5 శాతానికి తగ్గకుండా సీట్లుండాలి. వాటిని నింపాలి. మన వాడల వికలాంగ పిల్లలు కొలతలు ఇచ్చేవాళ్లుగానే కాదు, కొలతలు తీసే ఇంజనీర్లుగా కూడా ఆ కాలేజీల్లో ఉండాలి.

సంఘాల కార్యకర్తలారా, ఈ వారమే మీ వాడలో మూలపడ్డ కుర్చీలు, కర్రలు ఎన్నున్నాయో, ఎందుకు మూలపడ్డాయో రాయండి. ఆ కాగితం పట్టుకుని దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీకి వెళదాం. జాలి అడగడానికి కాదు, లెక్క అడగడానికి.

జై భీమ్!