పదమూడు అమావాస్యలు

ఈసారి ఉగాదికి వేపపూత కోసం మా అమ్మ మూడు వీధులు తిరిగింది. మా సందు మొదట్లో ఉన్న చెట్టుకు ఇంకా మొగ్గలే. చివరికి చెరువుగట్టు మీది చెట్టు దగ్గర ఒక పిడికెడు దొరికింది. ఇంటికి తెచ్చి చేటలో పోసి, అరచేతుల మధ్య మెల్లగా నలిపి, కాడలూ పుల్లలూ పోయేలా రెండుసార్లు చెరిగింది. మిగిలింది ఒక చెంచాడు. "ముందొచ్చిన ఉగాది ఇంతే నాయనా. వచ్చే ఏడు చూడు, కొమ్మకొమ్మకీ పూతే" అంది.

అమ్మ మాటకు పంచాంగంలో లెక్క ఉంది. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. నిరుడు మార్చి 30న, ఈ ఏడు మార్చి 19న. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ వచ్చిన పండుగ వచ్చే ఏడు మళ్లీ ఏప్రిల్ 7కు వెళ్తుంది. ఎందుకంటే ఈ పరాభవ నామ సంవత్సరానికి పదమూడు నెలలు. జ్యేష్ఠమాసం రెండుసార్లు వస్తోంది. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, ఆ తర్వాత నిజ జ్యేష్ఠం.

చంద్రుణ్ణి బట్టి లెక్కించే పన్నెండు నెలలకు 354 రోజులు. సూర్యుణ్ణి బట్టి నడిచే ఏడాదికి 365. ఏటా పదకొండు రోజుల లోటు. ఆ లోటును అలాగే వదిలేస్తే పదహారు పదిహేడేళ్లలో ఉగాది సెప్టెంబరు వానల్లోకి జారిపోతుంది. అప్పుడు వేపపూతా ఉండదు, మామిడికాయా ఉండదు. అందుకే మన పెద్దలు ముప్పై రెండు ముప్పై మూడు నెలలకోసారి, సూర్యుడు రాశి మారని నెలను అధికమాసంగా లెక్కగట్టి సరిచేసుకున్నారు.

దీని విలువ రైతుకు బాగా తెలుసు. జ్యేష్ఠ పున్నమి అంటే ఏరువాక పున్నమి. అధికమాసం లేకపోతే ఈ ఏడు ఆ పున్నమి మే 31నే వచ్చేది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, చినుకు పడని నేలలో అరక కట్టేదెలా? ఒక నెల కలిపారు కాబట్టి ఏరువాక జూన్ నెలాఖరుకు, మృగశిర దాటాక, పొలం పదునెక్కే వేళకు వస్తోంది.

కొత్త ఏడాది గురించి నేను చెప్పదలచింది ఈ లెక్కలోనే ఉంది. వేల ఏళ్ల అనుభవం ఉన్న పంచాంగమే ఏటా పదకొండు రోజులు వెనకబడుతుంది. వెనకబడ్డానని ఆగిపోదు. లోటు ఎంతో చూసుకుంటుంది, సరిదిద్దుకుంటుంది, నడుస్తుంది. మనం మాత్రం మూడు రోజులు తప్పితే చాలు, ఏడాదినే వదిలేస్తాం.

జనవరి ఒకటిన కొందరం, ఉగాదినాడు కొందరం, రెండుసార్లూ కొందరం నిర్ణయాలు తీసుకుంటాం. రోజూ తెల్లవారుజామున నడవాలి. పిల్లల దగ్గర కూర్చుని పాఠం చెప్పాలి. సిగరెట్టు మానాలి. నెలకు ఇంత అని పొదుపు చెయ్యాలి. అన్నీ మంచివే. రెండు వారాలు బాగానే సాగుతాయి. ఇంతలో ఒక పెళ్లి ప్రయాణం, ఒక జ్వరం, ఆఫీసులో నాలుగు రాత్రుల పని వచ్చిపడతాయి. తిరిగొచ్చేసరికి "ఇక ఈ ఏడాదికింతే, వచ్చే ఏడు చూద్దాం" అన్న మాట నోట్లో సిద్ధంగా ఉంటుంది. నిర్ణయాన్ని చంపేది ఆ మాటే. తప్పిన మూడు రోజులది చిన్న లోటు. దాన్ని చూసి వదిలేసుకున్న మూడొందల రోజులదే పెద్ద నష్టం.

మా నాన్న నాలుగెకరాల రైతు. ఎర్రగుడ్డ అట్ట ఉన్న పొడుగాటి పద్దు పుస్తకంలో ఇంటి లెక్క, పొలం లెక్క రాసేవాడు. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. ఎరువు బస్తాలు, కూలి డబ్బులు, కిరసనాయిలు, మా స్కూలు ఫీజులు. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో వారం పదిరోజులు పుస్తకం ముట్టుకునే తీరిక ఉండేది కాదు. అమావాస్య సాయంత్రం మాత్రం తప్పకుండా దీపం కింద కూర్చునేవాడు. అమ్మ పక్కన కూర్చుని, సంతలో ఏం కొన్నదీ, ఎవరికి ఎంత ఇచ్చిందీ ఒక్కొక్కటే గుర్తుచేసేది. ఎంత తవ్వినా కొంత కుదిరేది కాదు. అప్పుడు నాన్న ఖర్చువైపు ఒక గీత కింద "మరుపు" అని రాసి, ఎదురుగా ఆ మొత్తం వేసేవాడు. ఒక పేజీలో "మరుపు 14-50" అని ఉంది. దాని కింద చేతిలో ఉన్న డబ్బు ఎంతో అంత నిల్వ వేసి, మర్నాడు పాడ్యమి పద్దు మొదలుపెట్టేవాడు.

నాన్న పోయాక ఆ పుస్తకాలన్నీ దించి చూశాను. ఇరవై మూడేళ్ల లెక్కలు. మరుపు పద్దు లేని నెల అరుదు. రోజు తప్పకుండా రాసిన మనిషి కాదు ఆయన. కానీ ఇరవై మూడేళ్లు రాశాడు. ఆ ఒక్క మాట రాసుకునే ధైర్యం లేకపోతే మొదటి నాట్లకే పుస్తకం అటకెక్కేది.

పరాభవ అన్న పేరు చూసి ఈసారి చాలామంది దిగులుపడ్డారు. పేరుకు అర్థం ఓటమి, అవమానం. అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే ఈ పేరు కిందటిసారి 1966లో వచ్చింది. ఆ నవంబరు ఒకటిన విశాఖలో ఉక్కు కర్మాగారం కోసం వీధుల్లోకొచ్చిన జనం మీద తూటాలు పేలాయి, ప్రాణాలు పోయాయి. అదే నవంబరు చివర్లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్-8 వంగడాన్ని విడుదల చేసింది. మరుసటి ఏడాదే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు ఆ కొత్త వరిని పండించి చూపించారు. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. జనం అడగడం ఆపలేదు, రైతు కొత్త విత్తనం వేసి చూశాడు. ఏడాది పేరు వాళ్లలో ఎవరినీ ఆపలేదు. అందుకని పేరు చూసి భయపడకండి. పంచాంగ శ్రవణంలో మీ రాశికి వ్యయం ఎక్కువని విని వచ్చినా దిగులుపడకండి. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అని పంచాంగం ప్రతి రాశికీ వేసే నాలుగు గడుల్లో వ్యయం గడి, అవమానం గడి లేని రాశి పన్నెండింటిలో ఒక్కటీ లేదు.

చేయాల్సింది చిన్నది. ఈ ఏటికి ఒక్క పనే పెట్టుకోండి. పది పెట్టుకుంటే ఏ ఒక్కటీ నిలవదు. ఆ పనిని రోజూ తప్పకుండా చేస్తానని ఒట్టు వేసుకోవద్దు. అమావాస్య అమావాస్యకూ కూర్చుని చూసుకుంటానని మాత్రం అనుకోండి. మన లెక్కలో నెల ముగిసేది ఆ రోజే. అమావాస్యనాడు మనవాళ్లు కొత్త పని మొదలుపెట్టరు. తాపీ మేస్త్రీలు, వడ్రంగులు ఆ రోజు పనికి సెలవు పెట్టే ఆనవాయితీ చాలా ఊళ్లలో ఇప్పటికీ ఉంది. పాతది చూసుకోవడానికి అంతకంటే తీరికైన రోజు లేదు. చేసిన రోజులు జమలో వేయండి. చెయ్యని రోజులను "మరుపు" అని ఒక్క మాటలో రాసి, గీత కొట్టి, మర్నాడు పాడ్యమినుంచి మళ్లీ నడవండి.

ఈ ఏడు మనకు ఇంకో సౌకర్యం ఉంది. అధిక జ్యేష్ఠంలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు పెట్టుకోరు. ప్రయాణాలు తగ్గుతాయి, చేతిలో డబ్బూ కొంత ఆగుతుంది. ఆ ముప్పై రోజులనూ మిగిలిపోయిన పనులకు ఇవ్వండి. తీర్చాల్సిన చేబదులు ఉంటే తీర్చండి. పొలం గట్టు తగాదాతో మాటలు పోయిన అన్నదమ్ములుంటే వెళ్లి పలకరించండి. వాయిదా వేస్తున్న రక్తపరీక్ష చేయించుకోండి. లోటు పూడ్చుకోమనే కదా పెద్దలు ఆ నెలను మనకు అదనంగా ఇచ్చింది.

మామూలు ఏడాదికి పన్నెండు అమావాస్యలు. పరాభవకు పదమూడు. మొదటిది ఏప్రిల్ 17, శుక్రవారం. ఆ సాయంత్రం దీపం పెట్టాక పది నిమిషాలు మీ పుస్తకం ముందు కూర్చోండి.