నేల శుభ్రమే, మరి గాలి?

అండమాన్‌లో కొయ్యకూ రంపానికీ ఉన్న అనుబంధం పాతది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌ను ఆనుకుని ఉన్న చాథం దీవిలో ప్రభుత్వ కోత మిల్లు 1883లోనే మొదలైంది. 2002లో సుప్రీం కోర్టు ఆదేశాలతో అడవుల నరికివేతకు పగ్గాలు పడ్డాయి. కోత తగ్గింది కానీ, కోతతో పుట్టే నుసి బెడద తగ్గలేదు. ఎర్రటి పడౌక్ కలప చూపులకు ఎంత ఇంపో, దాని నుసి కొందరి ముక్కుకు, చర్మానికి అంత మంట.

అసలు భయం అంతకంటే పెద్దది. చెక్క నుసి మనుషుల్లో క్యాన్సర్‌కు కారణమవుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ముప్పు ముఖ్యంగా ముక్కుకు, దాని చుట్టూ ఉండే గాలి గదులకు. యూరోపియన్ యూనియన్‌లో 2023 నుంచి ఘనపు మీటరు గాలిలో గట్టి చెక్క నుసి 2 మిల్లీగ్రాములు దాటకూడదు.

అందుకే వడ్రంగి షెడ్లలో నుసిని పీల్చే యంత్రాలు. ఫ్యాను లాగుతుంది, గొట్టం మోస్తుంది, సంచి వడపోస్తుంది. చిక్కంతా సంచి చిరిగి కొత్తది కొనేటప్పుడే. చౌకగా దొరికే 30 మైక్రాన్ల గుడ్డ పొట్టును బాగానే ఆపుతుంది. నేల శుభ్రంగా కనబడుతుంది. కానీ ఊపిరితిత్తుల్లోకి దిగేది 10 మైక్రాన్ల లోపు నుసి, అంటే మిల్లీమీటరులో వందో వంతు కన్నా చిన్నది. అలాంటి సంచి ఆ నుసిని మళ్లీ షెడ్డులోకే చిమ్ముతుంది. 1 మైక్రాన్ గుడ్డ కొనడమే మేలు. అయితే నేత బిగువైన కొద్దీ గాలి పోవడం కష్టం. వైశాల్యం పెద్దదిగా లేకపోతే పీల్చే శక్తి పడిపోతుంది.

పీల్చడం తగ్గగానే పెద్ద మోటారు వేయిద్దామనుకోవడం మామూలే. వేగం పెరగకుండా, ఫ్యాను రెక్కల చక్రం మారకుండా గుర్రపు శక్తి పెంచితే గాలి పెరగదు. పాత మోటారుకే పెద్ద చక్రం బిగిస్తే మోటారు కాలిపోవచ్చు. ముందు చూడాల్సింది గొట్టాన్ని. ముడతల గొట్టం గాలిని నున్నటి పైపు కంటే ఎక్కువగా అడ్డుకుంటుంది కాబట్టి యంత్రం దగ్గర కొద్ది పొడవే వాడి, మిగతాది పైపు వేయాలి. గొట్టంలోని తీగను ఎర్త్‌కు కలిపితే స్థిర విద్యుత్ బెడద తగ్గుతుంది.

దీవుల్లో మరో తలనొప్పి దూరం. చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతాల నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం. 100 మిల్లీమీటర్ల గొట్టం తెప్పించి 4 అంగుళాల మూతికి ఎక్కించబోతే 1.6 మిల్లీమీటర్ల తేడా. మార్చుకోవాలంటే మళ్లీ ఓడ కోసం ఎదురుచూపులే. అందుకే మూతి బయటి కొలత, గొట్టం లోపలి కొలత మిల్లీమీటర్లలో రాసి పంపాలి. ఉప్పుగాలికి మామూలు ఇనుప క్లిప్పులు తుప్పు పడతాయి కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలువి అడగాలి. ఇక్కడ మే నుంచి డిసెంబరు దాకా వానలే. తడి నుసి గుడ్డకు అట్టకడుతుంది. రెండు సంచులుంటే ఒకటి ఆరేలోగా మరొకటి వాడుకోవచ్చు.

సంచి ముందు సైక్లోన్ డబ్బా పెడితే ముతక పొట్టు అందులోనే పడిపోయి సంచి ఎక్కువ కాలం మన్నుతుంది. సన్నని నుసి మాత్రం సంచిదాకా వస్తుంది కాబట్టి, దానివల్ల చౌక సంచి మంచిదైపోదు. యజమాని మిగుల్చుకున్న డబ్బుకు మూల్యం చెల్లించేది రంపం దగ్గర నిలబడే కార్మికుడే.

కొత్త సంచి సంగతి తేల్చుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. షెడ్డు చీకటి చేసి, యంత్రం నడుస్తుండగా సంచి పక్కగా టార్చి వేసి, వెలుగుకు ఎదురుగా చూడాలి. పొగలా నుసి తేలుతుంటే ఆ సంచిని మార్చాల్సిందే.