ఆండ్రాయిడ్ ఫ్రీనే.. మరి రాయల్టీ ఎవరికి? వైజాగ్‌లో లాంచ్ అయిన ఫోన్ వెనక అసలు కథ

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోనో, విజయనగరం గంటస్తంభం దగ్గరో ఫోన్ కొన్నామనుకోండి. చేతికొచ్చే బిల్లులో ఫోన్ ధర ఉంటుంది, జీఎస్టీ ఉంటుంది. పేటెంట్ రాయల్టీ అనే లైన్ మాత్రం ఎక్కడా కనిపించదు. కానీ ఆ డబ్బు ధరలోనే కలిసి ఉంటుంది. ఇదేంటి, ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ కదా, ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చు కదా అనే డౌట్ రావడం సహజం. కోడ్ ఫ్రీ అన్న మాట నిజమే. ఆ కోడ్ చేసే పనుల మీద, ఆ ఫోన్ పట్టుకునే సిగ్నల్ మీద హక్కులు మాత్రం వేరేవాళ్ల దగ్గర ఉన్నాయి. గొడవంతా అక్కడే.

మెమరీ కార్డుతో మొదలు

మా స్కూల్ రోజుల్లో మెమరీ కార్డు పట్టుకెళ్లి షాపులో ఇస్తే, పదో ఇరవయ్యో తీసుకుని సినిమా పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. ఆ పాటల ఫైళ్లను కార్డులో పేర్లతో సహా సర్దిపెట్టే పద్ధతి మైక్రోసాఫ్ట్‌ది. దాని మీద ఆ కంపెనీకి పేటెంట్లు ఉండేవి. ఫోన్‌లో నడిచేది గూగుల్ ఆండ్రాయిడ్ అయినా, కార్డు చదవాలంటే ఈ పద్ధతి తెలిసుండాలి. ఇలాంటివన్నీ చూపించి మైక్రోసాఫ్ట్ ఫోన్ కంపెనీల నుంచి లైసెన్స్ ఫీజు వసూలు చేసింది. 2010లో హెచ్‌టీసీ, 2011లో శాంసంగ్ సంతకాలు పెట్టాయి. ఒప్పుకోని మోటరోలా మీద కేసు పడింది. 2013 ఏడాదికి శాంసంగ్ ఒక్కటే 100 కోట్ల డాలర్లకు పైగా కట్టిందని తర్వాత అమెరికా కోర్టు పత్రాల్లో బయటపడింది. సొంత విండోస్ ఫోన్ అమ్ముడుపోక చతికిలపడిన కంపెనీకి, పోటీ కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద వచ్చిన ఆదాయం ఇది!

సీన్ మారింది హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల టైంలో. 2014 ఫిబ్రవరిలో ఆయన సీఈవో అయ్యారు. అదే ఏడాది ఆగస్టులో శాంసంగ్ మీద మైక్రోసాఫ్టే కోర్టుకెళ్లింది కాబట్టి, ఆయన రాగానే అంతా మారిపోయిందనడానికి లేదు. అసలు మార్పు 2018 అక్టోబర్‌లో కనిపించింది. లినక్స్‌ను పేటెంట్ కేసుల నుంచి కాపాడేందుకు పుట్టిన ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్‌లో మైక్రోసాఫ్ట్ చేరింది. దాదాపు 60 వేల పేటెంట్లను ఆ ఒప్పందం కిందికి తెచ్చింది. ఆండ్రాయిడ్‌కు పునాది లినక్సే కాబట్టి అప్పట్లో ఇది పెద్ద వార్తయింది. అయితే ఇందులో ఓ మెలిక ఉంది. ఆ నెట్‌వర్క్ జాబితాలో ఉన్న భాగాలకే ఈ రక్షణ. పెద్ద మెమరీ కార్డుల్లో వాడే ఎక్స్‌ఫ్యాట్ అప్పట్లో ఆ జాబితాలో లేదు. దాని వివరాలు బయటపెట్టి, లినక్స్‌లో కలపడానికి మైక్రోసాఫ్ట్ ఓకే చెప్పింది 2019 ఆగస్టులో.

మన గడప దాకా ఎలా వచ్చింది?

2015 ఆగస్టు 10. వైజాగ్‌లో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సమక్షంలో షావోమీ తన మొదటి మేడిన్ ఇండియా ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్‌ను లాంచ్ చేసింది. తయారైంది మన శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంట్‌లో. రేటు 6,999 రూపాయలు. తక్కువ రేటులో ఆండ్రాయిడ్ ఫోన్, అదీ మన రాష్ట్రంలో తయారైంది అని అందరూ మురిసిపోయారు.

దీనికి ఎనిమిది నెలల ముందు ఏమైందో చాలామందికి గుర్తుండదు. 2014 డిసెంబర్ 8న ఢిల్లీ హైకోర్టు ఇండియాలో షావోమీ ఫోన్ల అమ్మకాలను ఆపేసింది. కేసు వేసింది స్వీడన్ కంపెనీ ఎరిక్సన్. ఇది మెమరీ కార్డు టైపు గొడవ కాదు. కాల్ కలవాలన్నా, నెట్ రావాలన్నా ఏ ఫోనైనా తప్పక వాడాల్సిన టెక్నాలజీపై ఉన్న పేటెంట్ల గొడవ. సరిగ్గా ఎనిమిది రోజులకు డివిజన్ బెంచ్ కాస్త సడలింపు ఇచ్చింది. క్వాల్‌కామ్ చిప్ ఉన్న ఫోన్లు అమ్ముకోవచ్చు, కానీ ఒక్కో ఫోన్‌కు 100 రూపాయలు డిపాజిట్ చేయాలంది. వైజాగ్‌లో లాంచ్ అయిన రెడ్‌మీ 2 ప్రైమ్‌లో ఉన్నదీ క్వాల్‌కామ్ చిప్పే. స్టేజీ మీద లైట్లు వెలుగుతున్న టైంకి కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

వంద రూపాయలేగా అనిపించొచ్చు. ఏడు వేల ఫోన్‌లో కంపెనీకి మిగిలే లాభమే అంతంత మాత్రం. పైగా రాయల్టీ అడిగేది ఎరిక్సన్ ఒక్కటే కాదు. పేటెంట్లున్న ప్రతి కంపెనీ తన వాటా అడుగుతుంది.

చిప్ రేటు మీదా? ఫోన్ రేటు మీదా?

అసలు పేచీ ఇదే. సిగ్నల్ టెక్నాలజీ ఉండేది చిన్న చిప్‌లో. రాయల్టీ లెక్కేసేది మాత్రం మొత్తం ఫోన్ రేటు మీద. పలాసలో జీడిపప్పు ప్యాకెట్ కవర్ తయారుచేసేవాడు కవర్ రేటు వదిలేసి, లోపలున్న జీడిపప్పు రేటులో పర్సంటేజ్ అడిగితే ఎలా ఉంటుంది? ఫోన్ కంపెనీల వాదన అలాంటిదే. సిగ్నలే లేకపోతే ఆ ఫోన్ ఎవరు కొంటారు, ఏళ్ల తరబడి రీసెర్చ్‌కు మేం పెట్టిన ఖర్చు ఎలా రావాలి అన్నది ఎరిక్సన్ వైపు మాట. అదీ తీసిపారేయాల్సిన వాదన కాదు.

కోర్టు మొగ్గు ఎటో 2024 మార్చిలో తేలింది. మన దేశపు కంపెనీ లావా, ఎరిక్సన్‌కు 244 కోట్ల రూపాయలు కట్టాలని ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి తీర్పిచ్చారు. లెక్క ఫోన్ అమ్మకం ధర మీదే, 1.05 శాతం చొప్పున.

మన చట్టంలో సాఫ్ట్‌వేర్‌కు పేటెంట్ లేదంటారు కదా?

పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు, అల్గారిథమ్‌కు పేటెంట్ రాదు. 2004 డిసెంబర్‌లో ఆర్డినెన్స్‌తో దీన్ని సడలించాలని కేంద్రం చూసింది, 2005లో పార్లమెంట్‌లో ఆ ముక్క పోయింది. 2015 ఆగస్టులో, అంటే వైజాగ్ లాంచ్ జరిగిన నెలలోనే, పేటెంట్ ఆఫీస్ కొత్త గైడ్‌లైన్స్‌తో మళ్లీ తలుపు తెరవబోయింది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంఘాలు, చిన్న కంపెనీలు గోల పెట్టడంతో డిసెంబర్‌లో వాటిని పక్కన పెట్టింది. మైక్రోసాఫ్ట్ తరహా కేసులకు ఇక్కడ దారి ఇరుకుగా ఉండటానికి ఈ సెక్షన్ ఓ కారణం.

మరి లావాను ఎందుకు కాపాడలేదు? లావా సరిగ్గా ఈ సెక్షనే చూపించింది. మాట్లాడే గొంతును కుదించి పంపే పద్ధతులు ఉత్త అల్గారిథమ్‌లే అని వాదించింది. ఫోన్‌లో నిజమైన సాంకేతిక ఫలితం వస్తోంది కాబట్టి ఈ నిషేధం వర్తించదని కోర్టు తేల్చింది. అంటే ముందు తలుపు మూసే ఉంది, పక్క తలుపు తీసే ఉంది. నా లెక్కలో ఈ దారిలో ఎక్కువ నలిగేది లావా లాంటి చిన్న కంపెనీలే. పెద్ద కంపెనీలు పేటెంట్‌కు పేటెంట్ మార్చుకుంటాయి. షావోమీ కూడా 2016లో మైక్రోసాఫ్ట్ నుంచి దాదాపు 1,500 పేటెంట్లు కొనుక్కుని దడి కట్టుకుంది. అంత డబ్బు లేనోళ్లకు కోర్టు మెట్లే గతి.

గూగుల్‌కు సీసీఐ 2022 అక్టోబర్‌లో వేసిన 1,337.76 కోట్ల జరిమానాతో ఇది కలిపేసుకోవద్దు. అది గూగుల్ యాప్స్‌కు పెట్టే షరతుల గొడవ, పేటెంట్లతో సంబంధం లేదు. స్వదేశీ ఓఎస్ వస్తే ఈ తలనొప్పి పోతుందన్న మాట కూడా సోషల్ మీడియాలో తిరుగుతుంటుంది. 2023 జనవరిలో ఐఐటీ మద్రాస్‌లో చూపించిన భార్ఓఎస్ కూడా ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ కోడ్ మీద కట్టిందే. అందులో గూగుల్ యాప్స్ ఉండవు, అంతవరకు ఓకే. ఆ ఫోన్‌లోనూ 4జీ, 5జీ సిగ్నల్ పట్టుకోవాల్సిందే. ఆ రాయల్టీ లెక్క అక్కడా మామూలే.