పాసైన బోర్డుల సంగతేమిటి?

టెస్ట్ ఆటోమేషన్ లో పనిచేసేవాళ్ళం కోడ్ గురించి గంటలు గంటలు కొట్టుకుంటాం. రివ్యూలు, వెర్షన్ కంట్రోలు, యూనిట్ టెస్టులు... అబ్బో! ఆ కోడ్ వాడే లెవెల్ కరెక్షన్ టేబుల్ మాత్రం ల్యాబ్ పీసీలో "కేబుల్ లాస్ కొత్తది ఫైనల్ 2" అన్న పేరుతో ఓ మూల పడుంటుంది. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో దేవుడికే ఎరుక. నా మటుకు నాకు ఇది పెద్ద తప్పనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

ముందు ఈ టేబుల్ ఏమిటో రెండు ముక్కల్లో. బోర్డుకీ, పవర్ కొలిచే పరికరానికీ మధ్య కేబులు, అడాప్టర్లు, స్విచ్ లు ఉంటాయి కదా. వాటిల్లో కొంత సిగ్నల్ పోతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ పోయేది కూడా పెరుగుతుంది. మా దగ్గర 850 మెగాహెర్ట్జ్ లో 1 డీబీ పోతే, 2.5 గిగాహెర్ట్జ్ లో 1.8 డీబీ పోయేది. అందుకని ఏ ఫ్రీక్వెన్సీకి ఎంతో పట్టిక రాసిస్తే, పరికరం ఆ మేరకు రీడింగుకి కలుపుతుంది. మధ్యలో వచ్చే ఫ్రీక్వెన్సీలకి పక్క పాయింట్ల నుంచి లెక్కగట్టుకుంటుంది. అంతే.

ఒకసారి మా ఎల్టీఈ బోర్డులు ఉన్నట్టుండి 2.5 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఫెయిలవడం మొదలెట్టాయి. పవర్ క్లాస్ 3 మోడెముకి గరిష్ఠ పవర్ 23 డీబీఎం, అటూ ఇటూ 2 డీబీ. అంటే 21 నుంచి 25 దాకా ఓకే. మాకేమో 25.2, 25.3 వస్తోంది. టెస్ట్ చేసే కుర్రాడు కనెక్టర్ సరిగ్గా బిగించట్లేదని అందరూ వాడి మీద పడ్డారు. కనెక్టర్ వదులైతే రీడింగు తగ్గాలి గానీ పెరుగుతుందా అని ఒక్కళ్ళం అడగలేదు, నాతో సహా.

రెండు రోజులకి తేలిందేమిటంటే, ఆ 1.8 డీబీని పరికరం ఒకసారి, మా సాఫ్ట్ వేర్ ఇంకోసారి కలుపుతున్నాయి. 1.8 డీబీ అంటే పవర్లో ఒకటిన్నర రెట్లు! సాఫ్ట్ వేర్లో కలిపింది నేనే. ఆ పరికరం రీసెట్ చేసినప్పుడల్లా కరెక్షన్ ఆఫ్ అయిపోయేది, అందుకని కోడ్ లో కలిపేశాను. తర్వాత ఇంకొకరు, రీసెట్ అవగానే కరెక్షన్ ఆన్ చేసే లైను చేర్చారు. ఇద్దరం మంచిపనే చేశాం, ఎక్కడా రాసి పెట్టలేదు.

ఫెయిలైన బోర్డులు మళ్ళీ కొలిస్తే పాసయ్యాయి. అందరూ హమ్మయ్య అనుకున్నారు. మరి పాసైనవాటి సంగతేమిటి? అసలు 19.5 మాత్రమే ఇచ్చే బోర్డు 21.3 చూపించి దర్జాగా పాసైపోయి ఉంటుంది. అవీ మళ్ళీ కొలవాలని నేనంటే మీటింగులో ఎవరూ నోరు మెదపలేదు. ఫెయిలైతే పదిమంది పరుగెత్తుకొస్తారు, పాసైతే ఎవరికీ అనుమానం రాదు. చివరికి స్టోర్లో ఉన్నవి మళ్ళీ కొలిచాం. బయటికెళ్ళినవి వెళ్ళిపోయాయి.

అప్పట్నుంచీ నా వాదన ఒకటే: టేబుల్ కూడా కోడే. కరెక్షన్ పరికరంలో పెట్టండి, లేదా సాఫ్ట్ వేర్లో పెట్టండి, రెండు చోట్లా మాత్రం వద్దు. అంకె నష్టమా, గెయినా అన్నది రాయండి. గుర్తు తారుమారైతే తప్పు 1.8 కాదు, 3.6. ఏ కేబులు, ఏ తేదీన, ఏ కనెక్టర్ దాకా కొలిచారో రాసి, టేబుల్ని కోడ్ తో పాటే వెర్షన్ కంట్రోల్లో ఉంచండి. పవర్ తెలిసిన గోల్డెన్ బోర్డు ఒకటి రోజూ పొద్దున్నే కొలవండి.

ఇంత చాదస్తం దేనికి, కొంత తేడా ఎలాగూ ఉంటుందిగా అంటారు కొందరు. నిజమే. రెండు వైపులా వీఎస్డబ్ల్యూఆర్ 1.5 ఉంటే మిస్ మ్యాచ్ వల్లే దాదాపు 0.35 డీబీ అటూ ఇటూ ఊగుతుంది, టేబుల్ దాన్ని సరిచెయ్యలేదు. కానీ అది ముందే తెలిసిన తేడా, లిమిట్లలో చోటిచ్చుకోవచ్చు. ఎవరికీ తెలియకుండా రెండుసార్లు కలిసిన అంకెకి ఎక్కడ చోటిస్తాం?

ఆ కుర్రాడికి సారీ చెప్పాను. "నేను గట్టిగానే బిగించాను సార్, మొదటి రోజే చెప్పాను" అన్నాడు.